మాటల్లేనివాళ్లే పొలం చూడాలి

శ్రీకాకుళం జిల్లా, కాశీబుగ్గ నుంచి కవిటి వెళ్లే దారిలోని మామిడిమెట్ట గ్రామ కాపురస్తురాలు, కీర్తిశేషులు నారాయణమూర్తి గారి భార్య మడ్డు కాంతం అను నేను రాయించిన వీలునామా.

నాకు డెబ్బై దాటాయి. మోకాళ్లు నా మాట వినడం మానేశాయి గానీ బుర్ర వింటోంది. ఊళ్లో ఎవరు ఎందుకు నాతో మాట మానేశారో వరసగా చెప్పగలను. తెలివికి అంతకన్నా రుజువు అక్కర్లేదని లేఖరి రామూర్తి ఒప్పుకున్నాడు. ఎవరి ఒత్తిడీ లేకుండానే రాయిస్తున్నాను. ఒత్తిడి చేయబోయినవాడు నా కొడుకు త్రినాథ్. ఆ సంగతి ఐదో అంశంలో వస్తుంది.

1. నా స్వార్జితమైన ఎకరం కూరగాయల పొలం, కొబ్బరిచెట్లతో సహా, నా తదనంతరం త్రినాథ్‌కు చెందవలెను. హద్దులు: తూర్పున బైరాగి పొలం, ఉత్తరాన కాలువ, పడమర మా తోటికోడలు గౌరీశ్వరి జీడితోట, దక్షిణాన మళ్లీ బైరాగి. ఇలాంటి హద్దుల మధ్య ఇన్నేళ్లు నెగ్గుకొచ్చాను గనుక స్వార్జితం అన్న మాట నాకు చెల్లుతుంది.

2. ఆ పొలంలో యూరియా గింజ గానీ పురుగుమందు చుక్క గానీ పడరాదు. మా ఆయన కిడ్నీలు పాడై పోయారు. మా వైపు ఆ జబ్బు ఎందుకొస్తోందో పెద్ద డాక్టర్లకే తేలలేదు. తేలేదాకా మన చేతులతో మనం మందులు చల్లుకోవద్దని కొన్ని ఇళ్లవాళ్లం కలిసి సంఘం కట్టాం. ఆదివారాలు కాశీబుగ్గలో కూరగాయలు పెట్టి అమ్ముతాం. ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసి పూచీ పడాలి. ఒక్కరిది చెడినా, మందుల్లేని పంట అని ఇచ్చిన సర్టిఫికెట్టు అందరిదీ పోతుంది. త్రినాథ్ చేతికి నేలతో పాటు అన్ని ఇళ్ల పరువూ వెళ్తోంది. నా భయమంతా అదే.

3. కాశీబుగ్గలో వాడే నా కాటా, పెద్ద గొడుగు గౌరీశ్వరికి. మొదటి ఏడు ఈవిడ తన అన్న గోపాలరావు పొలం చూడ్డానికి వెళ్లి, యూరియా బస్తా మీదే కూర్చుని కోడికూర తిని, "యూరియా లేదు" అని సంతకం పెట్టి వచ్చింది. అడిగితే, "అన్నం ఎట్టినోడి పొలంలో తప్పులెలాగ ఎతుకుతానే" అంది. ఊరంతా బావలూ మావలూ వదినలే అయ్యాక ఎవరిని పంపినా కోడికూరే. సంగతి కాశీబుగ్గలో పొక్కింది. ఆ వేసవంతా మా వంకాయలు మేమే తిన్నాం. అప్పుడు సంఘం తీర్మానించింది: మాటల్లేనివాళ్లే పొలం చూడాలి. మా ఊళ్లో అలాంటి జంటలకు కొదవ లేదు గనుక సంఘం నిలబడింది. గౌరీశ్వరికి గొడుగు నీడలో కూర్చునే హక్కు ఇస్తున్నాను. తనిఖీకి వెళ్లే హక్కు ఇవ్వడం లేదు.

4. నా పొలం చూసేవాడు బైరాగి. గట్టు మీది పనసచెట్టు ఎవరిదన్న తగువులో మాకు మాటలు పోయాయి. నెలనెలా వస్తాడు. మట్టి పిసికి వాసన చూస్తాడు, ఆకు నమిలి ఉమ్ముతాడు, పాకలో చీపురు కూడా ఎత్తి చూస్తాడు. ఒకసారి నా గుమ్మంలో చీమల మందు కనబడిందని నెల పాటు నన్ను కాశీబుగ్గ వెళ్లనివ్వలేదు. ఏమీ దొరకనప్పుడు మాత్రం పనసచెట్టుకేసి తిరిగి, "సూసినాను. కల్తీ లేదు" అని వెళ్లిపోతాడు. నా మీద అంత కసి ఉన్నవాడు ఆ మాట అన్నాడంటే కొనేవాళ్లు మారు అడగలేదు. నాకూ ఆ మాట చెవిన పడితే తప్ప నెల గడిచినట్టుండేది కాదు.

త్రినాథ్ దారిన పోయేవాణ్ని కూడా మావా అని పిలిచి టీ పోసే రకం. వీడు బైరాగితో నేస్తం కట్టాడా, ఇక ఆ పొలాన్ని కళ్లు తెరిచి చూసేవాడుండడు. అందుచేత తనిఖీ రోజున టీ ఇవ్వరాదు, కుశలం అడగరాదు. రాజీ పడిన మరుక్షణం పొలం సంఘానికి చెందును.

5. "అమ్మా, ఆ సెట్టేదో బైరాగి మావకి ఇచ్చీవే, తగువొదిలిపోద్ది" అని త్రినాథ్ నా ప్రాణం తీశాడు. తగువు వదిలిపోతే సంఘం ఏం కావాలని కసిరాను. కానీ తిత్లీ తుఫానుకు కొబ్బరీ జీడీ నేలకూలిన మర్నాడు, ఒరిగిన ఆ పనసచెట్టుకు బైరాగి ఒక్కడే వెదురుగడలు ఊతం పెట్టడం చూశాను. తన తోట కూడా కూలి ఉంది. ముందు ఇక్కడికి వచ్చాడు. అది నా మనసులో ఉండిపోయింది. పై అంశానికి నేనే గండి కొడుతున్నానని తెలుసు. పోయే ముందు ఒక్కసారి మెత్తబడుతున్నాను. పనసచెట్టు బైరాగికి చెందవలెను. (ఈ అంశం కొట్టివేయడమైనది.)

6. విత్తనాల కుండలన్నీ, నా చెవిదుద్దులు మనవరాలు ప్రియకు. చిన్నప్పుడు నా వేలు పట్టుకుని గట్టంతా తిరిగింది, అదంటే నాకు ప్రాణం. దుద్దులు ఒక కుండలో, విత్తనాలకు పురుగు పట్టకుండా కలిపిన బూడిద అడుగున ఉన్నాయి. ఏ కుండో చెప్పను. అన్నీ విత్తితే దొరుకుతాయి.

కొట్టివేత గురించి: స్నేహితుల సాక్ష్యం ఎవరూ నమ్మరని సాక్షిగా బైరాగినే పిలిపించాను. ఆస్తి పుచ్చుకునేవాడే సాక్షి అయితే రేపు పేచీ వస్తుంది, చెట్టో సంతకమో తేల్చుకోమని రామూర్తి చెప్పాడు. బైరాగి కళ్లజోడు పెట్టుకుని మొదటి నుంచీ చదివాడు. కాగితం వాసన కూడా చూశాడు. ఐదో అంశం దగ్గర ఆగి, గోడకేసి తిరిగి, "ఏటిది? నా సెట్టు నాకు రాయడానికి ఆయమ్మెవులు? కొట్టీండి" అన్నాడు.

కొట్టేయించాను. తగువు భద్రంగా ఉంది. నాకు చాలా సంతోషంగా ఉంది.

2025 నవంబరు 19, బుధవారం, మామిడిమెట్ట.

(సంతకం) మడ్డు కాంతం

వ్రాసినవారు: రామూర్తి, దస్తావేజు లేఖరి, పలాస

సాక్షులు:
1. చిన్నతల్లి, సంఘం సభ్యురాలు
2. బైరాగి. సూసినాను. కల్తీ లేదు.