మొక్కని పట్టడానికి పశువైద్యుడు

పట్టణాభివృద్ధి కార్యాలయం అధికారి గారికి, అంటే మా అన్నయ్య కొడుకు గుండుకి,

ఆశీస్సులు ప్రస్తుతానికి నా దగ్గరే ఉంచుకుంటున్నాను. మా వీధి చివర చిత్తడి నేలలో నిన్న మీ లారీలు మట్టి పోసి పోయాయి. కార్ల పార్కింగు కట్టిస్తారట! ఒరేయ్, అది ఖాళీ జాగా కాదురా. ఎవరూ నాటకుండా, ఎవరూ నీళ్ళు పోయకుండా, ఈ మట్టిలో తమంతట తామే పుట్టిన మొక్కలున్నాయక్కడ. గోరంత ఎర్ర మొక్క ఒకటుంది. ఆకుల నిండా జిగురు చుక్కలు. పురుగు వాలిందా, పట్టి తినేస్తుంది. ఈ చుట్టుపక్కల ఇంకెక్కడా లేదది. ఏటా నా క్లాసు పిల్లలు మోకాళ్ళ మీద కూర్చుని మరీ చూస్తారు. లారీలు ఆపించు.

ఇట్లు,
నీ మేనత్త, వృక్షశాస్త్రం టీచరు

తా.క.: చిన్నప్పుడు అది నీ వేలు తినేస్తుందని ఏడ్చావు. తినలేదే అని ఇప్పుడు నేనేడుస్తున్నాను.

*

గౌరవనీయులైన వీధి చివరి ఇంటివారికి,

తమ ఫిర్యాదు అందినది. జీవులను పట్టి తినే మొక్క ఒకటి జనావాసాల నడుమ యథేచ్ఛగా సంచరించుచున్నదని తెలిసి కార్యాలయము దిగ్భ్రాంతి చెందినది. ప్రజల భద్రత దృష్ట్యా ఆ స్థలము చుట్టూ కంచె వేయించి, లారీలతో సహా ఎవరూ లోనికి పోరాదని ఆదేశించడమైనది. సదరు మొక్కను పట్టుకొనుటకు పశువైద్యుని పంపుచున్నాము.

ఇట్లు,
తమ విధేయుడు, అధికారి

తా.క.: అది ఏ వేళలో భోజనము చేయునో తెలుపగలరు. పశువైద్యుని భార్య అడుగుచున్నది.

*

ఒరేయ్ అధికారీ,

సంచరించడమేంటిరా నీ మొహం! మొక్కకి కాళ్ళుంటాయా? వచ్చాడు నీ పశువైద్యుడు, చేతిలో వల, మోకాళ్ళ దాకా బూట్లు. గట్టు మీదే నిలబడి, "ముందు మీరు పిలవండమ్మా, అలవాటైన గొంతు కదా" అన్నాడు. లాక్కెళ్ళి భూతద్దంలోంచి చూపించాను. "ఇదా!" అన్నాడు. వల పక్కన పడేసి, బురదలో కూర్చుని, సాయంత్రం దాకా లేవలేదు. అతనికి అర్థమైంది, నీకెందుకు కాదురా?

మట్టి పోసిన మూలని చేత్తో తవ్వి చూశాను. కింద అన్నీ నల్లగా కుళ్ళిపోయాయి. ఆ మూల ఇక లేవదు. కోపంతో నాకు అన్నం సయించట్లేదు. చెవులు రిక్కించుకుని విను: అక్కడుంది ఒక్క మొక్క కాదు. ఎన్నో స్థానిక కుటుంబాలున్నాయి. నువ్వూ నీ ఆఫీసూ పుట్టక ముందు నుంచీ ఉన్నాయి. లేపి ఇంకోచోట పెడితే బతకవు.

ఇట్లు,
పళ్ళు కొరుకుతున్న నీ మేనత్త

తా.క.: మీ నాన్నకి ఫోన్ చేశాను. "వాడిది నా పోలిక కాదమ్మా, అచ్చం నీ పోలిక" అన్నాడు. మీ నాన్న మీదా కోపంగానే ఉంది.

*

గౌరవనీయులైన వీధి చివరి ఇంటివారికి,

సదరు స్థలములో అనేక స్థానిక కుటుంబాలు తరతరాలుగా నివసించుచున్నట్లు తమ లేఖ వలన తెలిసి విచారించుచున్నాము. కుటుంబ పెద్దల సమ్మతి లేనిదే ఎవరినీ ఖాళీ చేయించరాదని నిబంధన. కావున విచారణ ముగియువరకు పనులు నిలిపివేయడమైనది. కుటుంబ పెద్దలందరూ స్వయముగా హాజరై సంతకములు చేయవలెను.

ఇట్లు,
తమ విధేయుడు, అధికారి

తా.క.: సంతకము రానివారు వేలిముద్ర వేయవచ్చును.

*

మొద్దు వెధవా,

గడ్డికి వేలెక్కడుంటుందిరా! కుటుంబాలంటే మొక్కల కుటుంబాలు! గడ్డి ఒక కుటుంబం, తుంగ ఒక కుటుంబం. నీకు చదువు చెప్పిన టీచరెవరో కనుక్కుని ఆవిడకీ నాలుగు చివాట్లు పెడదామనుకున్నాను. తీరా చూస్తే నేనే. ఎల్లుండి మీ ఆఫీసుకొస్తున్నాను. మీ పైవాళ్ళందరి ముందూ నీ చెవి మెలిపెట్టి, అర్థమయ్యేదాకా పాఠం చెప్పి మరీ వెళ్తాను.

ఇట్లు,
నీకు మేనత్తనైనందుకు సిగ్గుపడుతున్న టీచరు

తా.క.: గొడుగు తెస్తున్నాను. వాన కోసం కాదు.

*

అత్తయ్యకి నమస్కారాలు.

ఇంటి నుంచి రాస్తున్నాను. నీ కాళ్ళు పట్టుకుంటాను, ఆఫీసుకి రాకు. మా దగ్గరికొచ్చే ఉత్తరాలు ఎవరూ చదవరు గానీ, నేను పంపే ప్రతి ముక్కా పైవాళ్ళు చూశాకే బయటికెళ్తుంది. నాకు ముందున్నాయన "ఇక్కడ పార్కింగు వద్దు" అని ఒక్క వాక్యం రాశాడు. మర్నాడే ఆయన్ని తుప్పు సామాన్ల గోదాముకి మార్చారు. ఆ కుర్చీలో నన్ను కూర్చోబెట్టేసరికే లారీలు మట్టి పోసి వెళ్ళిపోయాయి. ఆ మూలని కాపాడలేకపోయాను. ఆ మంట నాకూ ఉంది.

వద్దన్నవాణ్ణి ఇక్కడ ఉండనివ్వరు అత్తయ్యా. అర్థం కానివాణ్ణి మాత్రం ఎవరూ కదపరు. కుటుంబాలనగానే, కోర్టులూ ధర్నాలూ అని కాంట్రాక్టరు జడుసుకుని పార్కింగుని పాత బస్సుల షెడ్డుకి మార్చుకున్నాడు. పైవాళ్ళలో ఆ బురదలో దిగి చూసినవాడు ఒక్కడూ లేడు. పెద్దలంతా వచ్చి వేలిముద్రలు వేసేదాకా ఆ నేలని ఎవరూ ముట్టుకోకూడదు. "ఇంత మందబుద్ధిని మేమెక్కడా చూడలేదు" అని పైవాళ్ళు నాకు ప్రమోషనిచ్చారు. వచ్చే వారం వేరే ఊరు.

ఇట్లు,
నీ గుండు

తా.క.: నా కుర్చీలోకి వచ్చేవాడు మహా తెలివైనవాడట. ఒక్కసారి చదివితే చాలు, అంతా అర్థమైపోతుందట. జాగ్రత్త.