డెబ్బై ఐదు శాతం ఉయ్యాల

పూజ్యురాలైన అక్క సన్నిధికి అల్పుడైన తమ్ముడు చేతులు కట్టుకుని విన్నవించుకొనునది.

ముందుగా క్షమాపణలు. నా చేతిరాతకూ, ఈ కాగితం మీది టీ మరకకూ, చదువుతూ నువ్వు నవ్వితే కడుపులోని బిడ్డకు కలిగే కుదుపుకూ, ఇరవై రెండేళ్ళ క్రితం నిన్ను అడగకుండా నీకు తమ్ముడిగా పుట్టినందుకూ నన్ను మన్నించు. ఇంతకు మించి నేనే పాపమూ ఎరుగను.

ఇక్కడ అమ్మ, నాన్న, నేను కులాసా. అక్కడ నువ్వూ, బావగారూ, ఇంకా పేరు పెట్టని ఆ చిన్న మనిషీ కులాసాగా ఉన్నారని నమ్ముతున్నాను. ఫోను ఉండగా ఉత్తరం ఎందుకంటావేమో. ఫోనులో అయితే సగంలోనే తిట్లు మొదలుపెడతావు. కాగితమైతే చివరిదాకా ఓపిక పట్టాలి.

నీ ప్రశ్నలకు జవాబులు. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, ఎలా ఉందని ఎవరైనా అడిగితే మాత్రం మళ్ళీ వస్తోంది. నాన్న కొత్త కళ్ళజోడు పెట్టుకుంటున్నారు, ముఖ్యంగా నా తప్పులు వెతకడానికి. నేను వేళకు తింటున్నాను, వేళ కానప్పుడూ తింటున్నాను. ఇక "ఒరేయ్ కోతీ, ఉయ్యాల ఎంతవరకు వచ్చింది?" అన్నావు. దానికి కాస్త చరిత్ర ఉంది.

నువ్వు గీసి పంపిన ఫైలు తెరవగానే మా వడ్రంగి వర్క్‌షాపంతా నా చుట్టూ మూగింది. పక్క పలకల మీద నువ్వు వేసిన పిచ్చుకల వరుస చూసి మా మేస్త్రీ గారు, "మీ అక్క చెయ్యి బంగారం రా డిగ్రీ! పురుడయ్యాక ఇంటి దగ్గర్నుంచే మనకి డిజైన్లు గీసిపెడుతుందేమో అడుగు" అన్నారు. డిగ్రీ అంటే నేనే. అక్కడ కాలేజీ గడప తొక్కింది నేనొక్కణ్ణే కనుక, తప్పు చేసినప్పుడల్లా ఆ పేరుతో సత్కరిస్తారు. ఉద్యోగం మానేసినప్పటి నుంచి నువ్వు ఇలాంటి పని కోసమే ఎదురుచూస్తున్నావని నాకు తెలుసు. ఆ క్షణాన నాకు ఒక అంగుళం ఎత్తు పెరిగినట్టనిపించింది.

చిక్కేమిటంటే, నీ పక్క పలక పొడవు పన్నెండు వందల మిల్లీమీటర్లు. కంప్యూటరులో గీసినట్టు చెక్క కోసే మా సి.ఎన్.సి. మిషను కోయగలిగింది తొమ్మిది వందలే. తెర మీద చూస్తే రెండు పిచ్చుకలు గీత దాటి బయట కూర్చున్నాయి. మేస్త్రీ గారు భోజనానికి వెళ్ళారు. చదువుకున్న బుర్ర ఊరుకుంటుందా? ఫైలు మొత్తాన్నీ పట్టుకుని నూటికి డెబ్బై ఐదుకు కుదించాను. పిచ్చుకలన్నీ బుద్ధిగా లోపలికొచ్చాయి. నా తెలివికి నేనే మురిసిపోయి మీట నొక్కాను.

కోత అద్దంలా వచ్చింది. తీరా బిగించబోతే ఒక పలక ఇంకో పలకలో దిగదు! పలకలు దూరడానికి నువ్వు పద్దెనిమిది మిల్లీమీటర్ల గాడులు పెట్టావు కదా, డిజైనుతోపాటు అవీ పదమూడున్నరకు చిక్కిపోయాయి. చెక్క మందం మాత్రం పద్దెనిమిదే. కంప్యూటరు మాట వినే అలవాటు దానికి లేదు. సుత్తితో బతిమాలాను. ఒక పిచ్చుక తల ఊడింది. ఒకవేళ బిగిసినా, అందులో పడుకునే మనిషి కొన్ని నెలలకే కాళ్ళు బయట పెట్టుకోవాల్సి వచ్చేది.

మరునాడు మేస్త్రీ గారు దగ్గరుండి కొత్త చెక్క కోయించారు. డిజైను కొలత మార్చలేదు. ముందు సగం కోయించి, పలకను జరిపి, పక్కకు తప్పుకోకుండా రెండు చీలలు దిగగొట్టి, మిగతా సగం కోయించారు. "మిషను చిన్నదైతే చెక్కని జరపాలి గాని, బొమ్మని నలిపెయ్యకూడదు రా" అని ఈ ఉదయం అన్నారు. రెండు సగాలు ఎక్కడ కలిశాయో భూతద్దం పెట్టినా నీకు దొరకదు. ఉయ్యాల మంగళవారం బండెక్కుతుంది.

డిజైన్ల పని కూడా నీకే ఖాయం. ఎప్పుడు మొదలుపెడతావో రాయమన్నారు. నేను మాత్రం నెల రోజులు మిషను ముట్టుకోకూడదు, శాండ్‌పేపరుతో అంచులు రుద్దాలి. చెక్క పాడుచేసినందుకు కాదు. "అది అందరమూ చేశాం" అన్నారు.

ఆ రోజు ఆయన భోజనం చేసొచ్చి, గాడిలో వేలు పెట్టి, "ఏంట్రా ఇది?" అని అడిగారు. నీ అసలు ఫైలు పక్కనే ఉంది. మర్నాడు దాన్నే తెరిచి, అది నేను సరిదిద్దిందని చెప్పి చూపించాను. "పాపం, మీ అక్కకి బొమ్మ వచ్చు గాని లెక్క రాదు. పని ఇంకెవరికైనా ఇద్దాంలే" అని నా భుజం తట్టారు. తట్టించుకున్నాను. ఈ ఉదయం ఆ ఇంకెవరో వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంటే ఇక ఉండబట్టలేక, అందరి ముందూ రెండు ఫైళ్ళూ తెరిచి పెట్టాను.

ఎందుకంటే అక్కా, ఆయన "ఏంట్రా ఇది?" అన్నప్పుడు, "మా అక్క కొలతలు తప్పేసిందండీ" అన్నాను.

ఇట్లు,
అంచులు రుద్దుతున్న
నీ తమ్ముడు