నడపరాదు

మెదక్, 18 మే 1971, మంగళవారం

పన్నెండేండ్ల కొడుకు చేతికి ట్రాక్టర్ తాళం ఇచ్చింది పటేల్. తప్పు మాత్రం డ్రైవర్‌నైన నాదట!

పోయిన వారం ఆ పోరడు గిట్లనే బండెక్కితే, నేనే కొట్టం గోడ మీద సున్నంతోని రాసిన: "పద్దెనిమిదేండ్లు నిండనోళ్లు ట్రాక్టర్ నడపరాదు. మడ్గార్డు మీద కూసోరాదు." బడికి పోకుండ నేర్చుకున్న చదువాయె, పేపర్ల రాసినట్టు రాయాలని కావరం. "నడపొద్దు" అని రాస్తే నా సొమ్మేం పోతుండె?

ఇయ్యాల పోరడు చెల్లెను మడ్గార్డు మీద కూసోబెట్టుకొని పోయి గడ్డివాముకు గుద్దిండు. గడ్డి కాబట్టి ఇద్దరు బతికిన్రు. మీది గడ్డి దులుపుకుంట నన్నే అడుగుతుండు: "నువ్వే రాస్తివి గదనే! నడపరాదు, కూసోరాదు అని గంతగనం బతిమిలాడితే ఎట్ల కాదంట?"

పటేల్ కడుపు పట్టుకొని నవ్విండు. "నిజమేరా, మా అమ్మ గూడ రోజూ గట్లనే అంటది, ఇంకో రొట్టె తినరాదు బిడ్డా అని!"

నాకు నవ్వు రాలే. ఆ పిల్ల చెప్పు ఒకటి చక్రం కింద నలిగి ఉండె. అన్నం తింటుంటే గూడ గదే కండ్లల్ల తిరిగింది.

మా దిక్కు మాటల "నడపరాదు" అంటే "జర నడుపు" అని బతిమిలాడుడేనాయె. గోడ తుడిచి "నడపొద్దు" అని రాసిన. ఇగ విను పటేలా, మొఖం మీద "మీరు" అంట గని ఈ డైరీల "నువ్వు" అనే అంట. రేపు పొద్దుగాల చర్చి గంట కొట్టేలోపల తాళం నా చేతిల పెట్టాలె. పెట్టకపోతే ఇంకో డ్రైవర్‌ను చూసుకోరాదు!