ముత్యాలమ్మ స్కాను చోట చేరిన పొట్టేలు గురించి

ప్రాణమిత్ర వైద్య సహాయ నిధి అధికారి గారికి, మదనపల్లె.
కురబలకోట మండలం గొర్రెల కాపరి యల్లప్ప వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా భార్య ముత్యాలమ్మ గుండె ఆపరేషను దరఖాస్తులో స్కాను మాయమై పొట్టేలు చేరుట – విచారణ కోరుట గురించి.

1. నా భార్యకు గుండె కవాటం చెడిపోయినది. ఆపరేషను ఆలస్యం చేయరాదని డాక్టరు చెప్పియున్నారు. సాయం కోరుతూ మదనపల్లె నెట్ సెంటరు శివకుమార్ చేత తమ వెబ్‌సైటులో స్కాను ఫొటో అప్‌లోడ్ చేయించితిని. "పరిశీలించడమైనది. ఆరోగ్యంగా ఉన్నందున సాయం అవసరం లేదు" అని జవాబు వచ్చినది.

2. దరఖాస్తు తెరిపించి చూడగా స్కాను ఉండవలసిన చోట పొట్టేలు ఉన్నది. ఎడమ చెవికి రెండు గాట్లు. మా పక్క దొడ్డి రెడ్డెప్ప తన మందకు పెట్టే గుర్తు అది. పుంగనూరు సంతలో బేరం చెడగొట్టానని వాడికి నా మీద కోపం. వాడి పనేనని నిశ్చయించుకొని నిలదీసితిని.

"నీ పెండ్లాం రోగంతో నాకేం పనప్పా? బీమాకని నా పొట్టేలు ఫొటో పెట్టుకుంటి. నాకూ శివకుమారే పెట్టినాడు" అన్నాడు. నేను నమ్మలేదు. శివకుమార్‌ను అడిగితిని, అతన్నీ నమ్మలేదు. ఎవరి ఫొటో అయినా 'ఒకటి' అని పేరు పెట్టి పంపడం అతని అలవాటట.

3. ఈ ఫారాలు తయారుచేసే కంపెనీ కుప్పంలో ఉన్నదని తెలిసి బస్సెక్కితిని. అక్కడ పనిచేసే ఝాన్సీ అనే అమ్మాయి చెప్పినది నిజమేనని ఇప్పటికి అనుకుంటున్నాను.

"ఫైలు తీసుకునే ప్రోగ్రాం ముక్క ఒక్కసారే రాసినామప్పా. మీ ఆపరేషను సాయం ఫారానికీ, గొర్రెల బీమా ఫారానికీ అదే తగిలించినాము. మీరు పెట్టిన పేరుతోనే దాస్తాది. అదే పేరుతో ఇంకోటొస్తే ముందుదాన్ని తీసేసి దీన్ని పెడతాది. వచ్చే ప్రతి ఫైలుకూ ఆ ముక్కే ఒక కొత్త పేరు పెట్టాల్సింది."

"మరి సూసి రాసేటోళ్లు యాడ ఉండారమ్మా?" అని అడిగితిని.

"అది మా ముక్కలో లేదప్పా" అన్నది.

4. నా అనుమానం అక్కడే. ఫొటో మారింది ఆ ముక్క వల్లనే అనుకుందాం. పరిశీలించినదెవరు? పొట్టేలును చూసి నా భార్య ఆరోగ్యంగా ఉందని రాసిన చెయ్యి ఎవరిది? బతికున్న పొట్టేలైతే సరిపెట్టుకుందును. బీమాకు తీసిన ఫొటో అయ్యా అది. చచ్చి, నాలుక బయటపెట్టి పడి ఉన్నది.

నాకు కడుపు మండుతోంది. భయంగానూ ఉంది.

5. కావున ఆ ముక్కను బాగుచేయించి, ఎవరెవరి స్కానులు ఇలా పోయినవో వెదికించి, నా భార్య దరఖాస్తును తాము స్వయంగా పరిశీలించవలెనని ప్రార్థన. మళ్లీ అప్‌లోడ్ చేయమనవద్దు. చేయను.

చిత్తగించవలెను. ఈసారి కళ్లతో.

ప్రస్తుతానికి తమ విధేయుడు,
యల్లప్ప

మరొక మాట: స్కాను పోస్టులోనూ పంపను. సోమవారం ముత్యాలమ్మనే తీసుకొని వస్తాను. మీ గది మేడ మీద. నాలుగు మెట్లెక్కితే ఆమెకు ఊపిరాడదు. కింద బెంచీ మీద కూర్చోబెడతాను. మీరే దిగి రండి. గుమాస్తాను పంపవద్దు.