జేజి తెచ్చిన ఎర్ర అట్ట పుస్తకం

నంద్యాల, బుధవారం

నాయనా,
నేను బాగున్నాను, హాస్టల్ తిండి పడుతోంది. ఫోన్ చెయ్యకుండా కార్డేందని తిట్టొద్దు. స్పీకర్ పెట్టందే నువ్వు మాట్లాడవు, పక్కనే మీ అమ్మ ఉంటుంది. కార్డయితే జేజి చదవలేదు.

ఒకప్పుడు ఈ ఊరి జనం ఏం చదివేవాళ్లో రాయాలని గ్రంథాలయం పాత రిజిస్టర్లు తిరగేస్తున్నాను కదా. నిన్న అరవై ఎనిమిదో సంవత్సరం రిజిస్టర్లో జేజి వేలిముద్ర కనిపించింది. పక్కన ‘ఓబుళమ్మ, జిన్నింగ్ మిల్లు మద్దిలేటి భార్య’ అని ఉంది. జేజినాయన షిఫ్టు దిగేసరికి గ్రంథాలయం మూసేస్తారని పుస్తకాలు తనే తెచ్చేదంట కదా. ‘నాకు సదువు యాడిది? ఎర్ర అట్టది సూసి తెస్తాంటి. మీ జేజినాయన దినానికో కత సదివి చెప్తాండె’ అంటుందే, అది నిజమే.

కానీ నాయనా, రిజిస్టర్లో ఆమె వేలిముద్రలు పద్నాలుగున్నాయి, పద్నాలుగుసార్లూ ఆమె తెచ్చింది ఒకటే పుస్తకం. ఇంకా ఇక్కడి బీరువాలోనే ఉంది, తీసి చూశాను. పత్తికి వచ్చే తెగుళ్లు, వాటికి కొట్టే మందులు. అందులో కథ ఒక్కటీ లేదు. అన్నీ ఆయన కల్పించి చెప్పినవే.

జేజితో ఈ మాట అనొద్దు. ఆమె మోకాళ్లకు నూనె రాస్తున్నారా? ఎవరైనా ఇటు వస్తుంటే నా నీలం దుప్పటి పంపు. అమ్మను అడిగానని చెప్పు.

జేజి ఏ కథ ఎత్తుకున్నా చివరిదాకా ఫోన్‌లో రికార్డు చెయ్యి. చిన్నప్పుడు ఆ కథలు ఆమె చెప్తుంటే నేను సగంలోనే నిద్రపోయేదాన్ని, మిగతాది పెద్దయ్యాక పుస్తకంలో చదువుకోవచ్చులే అని.

నీ కూతురు
పూర్ణిమ