జ్యూక్‌బాక్సు పాత స్పీకర్లు

మంగళవారం

చిరిగిపోయిన స్పీకర్లు ఎవరైనా దాచుకుంటారా? నరసన్నపేటలో అప్పారావు బావ హోటల్లోని పాత జ్యూక్‌బాక్సుకి ఇవాళ కొత్తవి బిగించాను. పాట ఖంగున మోగింది. బావ సంబరపడ్డాడు, అంతలోనే అడిగాడు.

"పాతవి ఏటి సేసినావురా?"

"నా షాపులో ఉన్నాయి బావా."

"జాగర్త. ఆటికి సింతగింజల జిగురుతో అతుకులేసింది మా నాన్న. ఆయన సేతిపని అదొక్కటే మిగిలినాది. గోడకి తగిలించుకుంతాను."

కొలత కోసం తెచ్చిన వాటిని నిన్ననే పాత ఇనుము బండికి వేసి ఉల్లిపాయలు తీసుకున్నాను. నా బేరం అలాంటిది. అలాగే బావా అని వచ్చేశాను. రేపు బండివాణ్ణి వెతకాలి. దొరక్కపోతే ఇంకేవో పాత స్పీకర్లకి నేనే అతుకులేసి ఇవ్వొచ్చు. బావ నమ్ముతాడు. నమ్ముతాడనే భయం.

మా ఆవిడ పిలుస్తోంది. ఫోన్లో బావేనట. ఇప్పుడే నిజం చెప్పేస్తాను, లేకపోతే రేపు దొంగ అతుకులు వేస్తూ కూర్చోవాలి.