ఫర్నిచర్ షాపు పాట

ప్రియమైన అక్కా,

ఇక్కడ ఫోన్ సరిగ్గా కలవదు. లైబ్రరీలో కూర్చుని ఈ మెయిల్ రాస్తున్నాను.

నా థీసిస్ బ్లూస్ పాటల తొలి వ్యాపారం మీద కదా. వందేళ్ల కిందట ఈ మిసిసిపిలో గ్రామఫోన్లు ఫర్నిచర్ షాపుల్లో అమ్మేవారు. పెట్టె కొన్నవాళ్లకు పాటలు కావాలి. అందుకని షాపువాళ్లే నల్లజాతి గాయకులను వెతికి రికార్డు కంపెనీలకు చూపించేవారు. అలా రికార్డుకెక్కిన ఒడెస్సా అనే గాయని మనవరాలు ఎర్నెస్టీన్ గారు ఈ ఊళ్లోనే ఉంటారు. ఎనభై దాటాయి. ఒడెస్సా రికార్డు ఇంకెక్కడా దొరకదు. పోయిన వారం బీరువాలో ఉంటే చూపించారు. ఇవాళ లేదు! ఆవిడ మేనల్లుడు లమార్ ఒక అట్టపెట్టె కారులో పెడుతున్నాడు. ఏంటని అడిగితే "పాత సామాను" అని డిక్కీ మూసేశాడు. పాత రికార్డులు సేకరించేవాళ్లు ఇలాంటివాటికి ఎంతైనా ఇస్తారు. నాకేదో అనుమానంగా ఉంది.

నీ దీపు

ప్రియమైన దీపూ,

అనుమానమేంటి, అమ్మేసే ఉంటాడు. మా అల్ఫారెట్టా ఊళ్లో చూస్తూనే ఉన్నాను, పెద్దవాళ్లు బతికుండగానే చుట్టాలు ఇల్లు ఖాళీ చేసేస్తారు. కానీ అతన్నేమీ అనకు. స్టూడెంట్ వీసా మీదున్నావు, గొడవలొద్దు. ఆవిడను ఒంటరిగా అడుగు. ఇంతకీ నీ బెంగ ఆవిడ గురించా, థీసిస్ గురించా?

ప్రేమతో,
పద్మక్క

ప్రియమైన అక్కా,

నీ మాట వినలేదు. లమార్‌ను వాకిట్లోనే నిలదీశాను. పోలీసులకు చెప్తానన్నాను. అతను కిటికీ వైపు చూశాడంతే. లోపల ఎర్నెస్టీన్ గారు నిలబడి ఉన్నారు. కర్టెన్ లాగేశారు. అప్పట్నుంచి ఎంత పిలిచినా తలుపు తీయడం లేదు. అతనే బెదిరించాడేమో!

దీపు

ప్రియమైన అక్కా,

ఇవాళ తలుపు తీశారు. కూర్చోమనలేదు.

"రికార్డు వాడి చేత పంపించేసింది నేనే," అన్నారు. "నీ కంట పడకూడదని."

ఎందుకని అడిగాను.

"ఈ పాట ఇంకెవరైనా విన్నారా, ఎవరైనా రాసుకున్నారా అని వచ్చినప్పుడల్లా అడిగావు. కంపెనీ మనిషి కూడా మా నాయనమ్మను అదే అడిగాడు. ఎవరూ వినలేదంది. పాట కట్టింది తానేనని రికార్డు మీద తన పేరు వేసుకున్నాడు. వాడు కూడా నీలాగే మర్యాదస్తుడు."

నేనలాంటిదాన్ని కాదని చెప్పబోయాను. అందరూ అదే అంటారని తోచి ఊరుకున్నాను.

బయట లమార్‌కు సారీ చెప్పాను. "ఆంటీ నన్ను నమ్మడానికే చాలా ఏళ్లు పట్టింది," అని నవ్వాడు.

వచ్చేస్తుంటే ఆవిడ వెనక నుంచి పిలిచారు. ఆదివారం చర్చిలో భోజనాలట, కుర్చీలు వేయడానికి మనిషి కావాలట. వస్తానన్నాను. రికార్డు ఎక్కడుందో అడగలేదు.

నీ
దీపు